సంఘంలో ఏ పనీ ఒక్కరి చేతిలోనే ఉండకూడదు: కొత్తగా బాధ్యత తీసుకున్న కాపరులకు, పెద్దలకు

కాపరిగానో పెద్దగానో సంఘ బాధ్యత ఒప్పుకున్నాక మొదటి ఆదివారమే ఒక సంగతి తెలిసిపోతుంది. వాక్యం సిద్ధపడటం మీకు వచ్చు. ప్రార్థన చేయడం వచ్చు. కానీ ఆరాధన ముగిసీ ముగియకముందే కానుకల సంచి పట్టుకుని ఒకరు, మైకు పనిచేయడం లేదని ఇంకొకరు, ఫలానా ఆయన తనను పలకరించలేదని కన్నీళ్లతో మరొకరు వచ్చి మీ ముందు నిలబడతారు. అన్నిటికీ జవాబు మీ దగ్గరే ఉందని వాళ్లు నమ్ముతారు. మీరూ అదే నమ్మడం మొదలుపెడితే చిక్కంతా అక్కడే మొదలవుతుంది.

నేను చూసినంతలో సిద్ధాంతం దగ్గర చీలిన సంఘాలు తక్కువ. డబ్బు లెక్క దగ్గర, పదవి దగ్గర, ఎవరికీ చెప్పకుండా తీసుకున్న నిర్ణయం దగ్గర చీలినవే ఎక్కువ. వెనక్కి వెళ్లి చూస్తే దాదాపు ప్రతి చోటా ఒకే లోపం కనిపిస్తుంది: ఏదో ఒక పని పూర్తిగా ఒక్క మనిషి చేతిలో ఉండిపోయింది. ఆ మనిషి దైవభక్తి గలవాడే కావచ్చు. అయినా సరే, ఒక్కరే చూసే పనిలో తప్పు జరిగితే పట్టుకునేవాళ్లుండరు. తప్పు జరగకపోయినా, జరగలేదని చెప్పే సాక్షి ఉండడు. కింద రాసిందంతా ఈ లోపాన్ని ఒక్కో చోట సరిచేసుకుంటూ పోయే పద్ధతి. సంఘంలో ముప్పై మంది ఉన్నా మూడు వందల మంది ఉన్నా వరస మారదు.

ముందు పనుల పట్టిక రాయండి

మొదటి నెల ఏమీ మార్చకండి. పాటల వరస మార్చకండి, కుర్చీల వరస మార్చకండి, కమిటీని అసలే కదిలించకండి. ఒక నోటుపుస్తకం తీసుకుని సంఘంలో జరిగే ప్రతి పనీ రాయండి. తలుపు తాళం తీసేది ఎవరు, మైకు పెట్టేది ఎవరు, కానుకలు లెక్కపెట్టేది ఎవరు, బ్యాంకు ఖాతా మీద సంతకం ఎవరిది, సభ్యుల రిజిస్టరు ఎక్కడుంది, స్థలం కాగితాలు ఎవరి బీరువాలో ఉన్నాయి, కరెంటు బిల్లు ఎవరు కడుతున్నారు, సంఘం ఫోన్ గ్రూపును నడిపేది ఎవరు, జబ్బుపడినవాళ్లను చూడటానికి వెళ్లేది ఎవరు, సండే స్కూల్ పిల్లలను చూసుకునేది ఎవరు.

ప్రతి పని పక్కన రెండు గడులు గీయండి. మొదటి గడిలో ఇప్పుడు ఆ పని చేస్తున్నవారి పేరు. రెండో గడిలో, వారు రేపు రాలేకపోతే అదే పని చేయగలిగిన ఇంకొకరి పేరు. ఈ రెండో గడి నింపడానికి కూర్చుంటే సంఘం అసలు పరిస్థితి బయటపడుతుంది. చాలా చోట్ల అది ఖాళీగా ఉంటుంది, లేకపోతే ప్రతి వరసలోనూ మీ పేరే ఉంటుంది. రెండూ ప్రమాదమే. ఖాళీ గడుల్లో డబ్బు, పిల్లలు, స్థలం కాగితాలు ఈ మూడింటికి చుట్టూ ఎర్ర సిరాతో గీత గీయండి. మిగతావి ఆరు నెలల్లో సర్దుకోవచ్చు. ఈ మూడూ ఆగవు.

పట్టిక రాసేటప్పుడు ఆ పని చేస్తున్నవారి ఇంటికి వెళ్లి కూర్చుని అడగండి. ఫోన్లో అడిగితే తనిఖీలా వినిపిస్తుంది. ఎదురుగా కూర్చుని "ఈ పని మీరెలా చేస్తున్నారో నాకు చూపిస్తారా అండీ" అంటే ఏళ్ల తరబడి ఎవరూ అడగని మాట అడిగినట్టు సంతోషపడతారు. వారి కష్టం ఏమిటో కూడా అప్పుడే తెలుస్తుంది.

పని పంచండి, దాంతో పాటు అధికారమూ పంచండి

నిర్గమకాండము 18వ అధ్యాయంలో మోషే ఉదయం నుంచి సాయంత్రం దాకా ఒక్కడే కూర్చుని జనం తగవులు తీర్చడం చూసి, మామ యిత్రో ఆపాడు. నీవూ నలిగిపోతావు, నీతో ఉన్న ఈ జనమూ నలిగిపోతారు అన్నాడు. ఇందులో మొదటి సగాన్ని కాపరులందరూ గుర్తుపెట్టుకుంటారు. రెండో సగాన్ని మరిచిపోతారు. మీరొక్కరే అన్నీ చూసుకుంటే మీ ఆరోగ్యం పాడవడం ఒక్కటే కాదు, మీ కోసం వరసలో నిలబడి ఎదురుచూసే జనమూ అలిసిపోతారు. వెయ్యిమందికి, వందమందికి, యాభైమందికి, పదిమందికి అధిపతులను పెట్టమని చెబుతూ యిత్రో వారికి ఉండాల్సిన గుణాలు కూడా చెప్పాడు: సామర్థ్యం, దైవభయం, నమ్మకం, లంచమంటే అసహ్యం. మాటకారితనం గాని, డబ్బు గాని, కాపరితో బంధుత్వం గాని అందులో లేవు.

అపొస్తలుల కార్యములు 6వ అధ్యాయం ఇంకా దగ్గరగా చదవాల్సినది. రోజూ పంచే సహాయంలో తమ విధవరాండ్రను పట్టించుకోవడం లేదని గ్రీకు భాష మాట్లాడే విశ్వాసులు గొణుక్కున్నారు. అపొస్తలులు దాన్ని అణచలేదు. అలాగని పంపిణీ పని తామే నెత్తిన వేసుకోలేదు. మంచి పేరున్న ఏడుగురిని మీరే ఎంచుకోండి అని సంఘానికి చెప్పారు. ఎంపికైన పేర్లు చూడండి: స్తెఫను, ఫిలిప్పు, ప్రొకొరు, నీకానోరు, తీమోను, పర్మెనాసు, నీకొలాసు. ఏడూ గ్రీకు పేర్లే. ఏ వర్గం మాకు అన్యాయం జరిగిందని అన్నదో, పంపిణీ బాధ్యత చాలావరకు ఆ వర్గం చేతికే వచ్చింది. మీ సంఘంలో ఏ గుంపు తరచూ సణుగుతుందో ఒకసారి ఆలోచించండి. యువతా? కొత్తగా చేరిన కుటుంబాలా? స్త్రీలా? వారిలో నమ్మకస్తులకు నిజమైన బాధ్యత ఇచ్చి చూడండి.

బాధ్యత అప్పగించేటప్పుడు నాలుగు సంగతులు కాగితం మీద ఉండాలి. పని ఏమిటి, ఎంతవరకు స్వయంగా నిర్ణయించవచ్చు, ఎంత ఖర్చు పెట్టవచ్చు, ఎంతకాలం. అర పేజీ చాలు. చివరిదాన్ని చాలామంది వదిలేస్తారు. గడువు లేకుండా పని ఇస్తే ఆ మనిషి దాన్ని దింపుకోవడం అవమానంగా భావిస్తాడు, మీరు మార్చడం పగ అనిపిస్తుంది. "ఏడాది పాటు చూడండి, తర్వాత కూర్చుని మాట్లాడుకుందాం" అంటే ఇద్దరికీ దారి తెరిచి ఉంటుంది. ప్రతి బాధ్యుడి పక్కనా నేర్చుకునే మనిషి ఒకరుండాలి. పట్టికలో రెండో గడి నిండేది అలాగే.

అధికారం ఇవ్వకుండా పని మాత్రమే ఇవ్వడం చాలా సంఘాల్లో కనిపించే తప్పు. పాటల బృందానికి ఒకరిని నాయకుడిగా పెట్టి, శనివారం రాత్రి ఫోన్ చేసి మీరే పాటలు మారుస్తుంటే అతను నాయకుడు కాడు. మీకు నచ్చని పాట పాడించినా ఆ ఆదివారం ఊరుకోండి. మంగళవారం ఇద్దరూ కూర్చుని మాట్లాడుకోండి.

చిన్న గుంపులుగా విడదీయడంలో ఉన్న బలానికి చరిత్రలో మంచి ఉదాహరణ ఒకటుంది. 1742లో ఇంగ్లండ్‌లోని బ్రిస్టల్‌లో, మెథడిస్టు ఉద్యమ నాయకుడు జాన్ వెస్లీ అనుచరులు తమ కూటపు మందిరం మీది అప్పు తీర్చే దారి వెతుకుతున్నారు. సభ్యులను పన్నెండేసి మంది చొప్పున విడదీసి, వారానికి ఒక పెన్నీ వసూలు చేసేందుకు ఒక్కో గుంపుకి ఒక్కో మనిషిని పెడదామని అనుకున్నారు. ఆ మనుషులు ప్రతి వారం ఇల్లిల్లూ తిరిగేసరికి ఎవరు కష్టంలో ఉన్నారో, ఎవరు తాగుడులో పడ్డారో, ఎవరు విశ్వాసంలో చల్లబడ్డారో తెలియడం మొదలైంది. అప్పు వసూలు కోసం పెట్టిన ఏర్పాటు ఆత్మల సంరక్షణకు పునాది అయింది. మీరూ పది పన్నెండు మందికి ఒక బాధ్యుడిని పెట్టండి. రెండు ఆదివారాలు వరసగా కనిపించనివారికి మూడో ఆదివారంలోపు ఆ బాధ్యుడి నుంచి ఫోన్ వెళ్లాలి. మందిరం ఎంత నిండినా, ఎవరు రాలేదో కనిపెట్టి కబురు చేసే మనిషి లేకపోతే అక్కడ కాపుదల లేనట్టే.

డబ్బు: ఇక్కడ మొహమాటం పనికిరాదు

ఆరాధన అయిన వెంటనే, నలుగురూ వచ్చిపోయే గదిలో, బల్ల మీద కానుకలు పోయించండి. లెక్కపెట్టడానికి ఇద్దరు కూర్చోవాలి. ఆ ఇద్దరూ ఒకే ఇంటివాళ్లు కాకూడదు, కాపరి ఇంటివాళ్లు అసలే కాకూడదు. ఒకరు నోట్లను విలువల వారీగా వేరు చేసి లెక్కపెడతారు. తర్వాత ఆ కట్టలు రెండోవారి చేతికి వెళ్తాయి, ఆయన మళ్లీ మొదటి నుంచి లెక్కపెడతారు. రెండు మొత్తాలూ కలిసేదాకా లేవకూడదు. కాగితం మీద తేదీ, ఏ నోట్లు ఎన్ని, చిల్లర ఎంత, కవర్ల మీద రాసిన పేర్లు, ఏ పని కోసం ఇచ్చారో ఆ వివరం, కింద ఇద్దరి సంతకాలు. ఒక ప్రతి కోశాధికారికి, ఒకటి ఫైల్లోకి. లెక్కపెట్టే ఇద్దరూ నెలనెలా మారుతుండాలి. లెక్కపెట్టేవారే ఖాతా పుస్తకం కూడా రాయకూడదు.

ఆ డబ్బు ఉన్నది ఉన్నట్టు బ్యాంకుకు వెళ్లాలి. "మైకు బాగుచేసిన అతనికి సంచిలోంచే ఇచ్చేశాం" అనే మాట ఒక్కసారి అనుమతిస్తే ఇక ఏ ఆదివారం లెక్కా నిలవదు. చిన్న ఖర్చులకు వేరుగా కొంత సొమ్ము పెట్టి, ప్రతి ఖర్చుకూ రసీదు తీసుకోండి. ఫోన్ ద్వారా వచ్చే కానుకలు సంఘం పేరు మీదున్న ఖాతాలోకే రావాలి. కాపరి సొంత నంబరుకి గాని కోశాధికారి సొంత నంబరుకి గాని ఒక్క కానుక కూడా రాకూడదు. ఖాతా మీద రెండు సంతకాలు తప్పనిసరి. వాటిలో కాపరి సంతకం లేకపోతే ఇంకా మంచిది, ఆయనకే రక్షణ.

ఇలా చెబితే కొందరు పెద్దలు నొచ్చుకుంటారు. "మా మీద నమ్మకం లేదా" అంటారు. అప్పుడు వారితో కలిసి 2 కొరింథీయులకు 8వ అధ్యాయం తెరవండి. యెరూషలేములోని పేదల కోసం పోగైన చందాను చేరవేయడానికి పౌలు తీతుతో పాటు సంఘాల మెప్పు పొందిన మరో ఇద్దరు సహోదరులను పంపాడు. ఎవరూ తమ మీద తప్పు మోపకుండా జాగ్రత్తపడుతున్నామని, ప్రభువు ఎదుటే కాక మనుషుల ఎదుట కూడా యోగ్యంగా ఉండాలనుకుంటున్నామని 20, 21 వచనాల్లో రాశాడు. పౌలుకు తన నిజాయితీ మీద సందేహం లేదు. అయినా సాక్షులను పెట్టుకున్నాడు. ఎజ్రా 8వ అధ్యాయంలో అయితే బబులోను నుంచి తెస్తున్న వెండి బంగారాలను బయలుదేరేటప్పుడు యాజకుల్లో ముఖ్యులు 12 మందికి తూచి అప్పగించారు. యెరూషలేము చేరిన నాలుగో రోజున మళ్లీ తూచి, మొత్తం బరువు రాసి పెట్టారు. ఆ మోసుకొచ్చినవారు దేవునికి ప్రతిష్ఠితులైన మనుషులే. ప్రతిష్ఠితులని తూకం మానలేదు.

దీనికి ఎదురుగా కొందరు 2 రాజులు 12:15 చూపిస్తారు. మందిరం బాగుచేయించిన పనివాళ్ల పెద్దలు నమ్మకస్తులు కనుక వారిని లెక్క అడగలేదని అక్కడ ఉంది, నిజమే. కానీ అదే అధ్యాయాన్ని పైనుంచి చదవండి. యోవాషు రాజు ఏలుబడి 23వ ఏడు వచ్చినా యాజకులు తీసుకున్న డబ్బుతో మందిరం బాగుపడలేదు. అప్పుడే ఆ డబ్బును వారి చేతినుంచి తప్పించి, మూతకు బెజ్జం చేసిన పెట్టె ఒకటి బలిపీఠం పక్కన పెట్టారు. పెట్టె నిండినప్పుడు రాజు తరఫున లేఖకుడు, మందిరం తరఫున ప్రధాన యాజకుడు ఇద్దరూ వచ్చి లెక్కపెట్టి సంచుల్లో కట్టారు. ఆ ఇద్దరి లెక్క ముందు జరిగింది కాబట్టే కింది పనివాళ్లను నమ్మగలిగారు.

ఒక పని పేరు చెప్పి తీసుకున్న కానుక ఆ పనికే వాడాలి. కట్టడం కోసం ఇచ్చినది జీతాలకు మళ్లిస్తే, అది ఎంత అత్యవసరమైనా ఇచ్చినవారికి చేసిన మాట తప్పడమే. మళ్లించక తప్పని పరిస్థితి వస్తే ఇచ్చినవారిని ముందు అడగండి. పేదలకు చేసే సాయంలో మాత్రం కొంత గుట్టు కావాలి. తీసుకున్నవారి పేరు సంఘంలో చదవకూడదు, వారి తల వంచకూడదు. అయినా ఎంత ఇచ్చారో, ఎవరికిచ్చారో ఇద్దరు పెద్దలకు తెలియాలి, పుస్తకంలో ఉండాలి.

నెలకొకసారి ఒక పేజీ లెక్క గోడకు అంటించండి: నెల మొదట్లో ఎంత ఉంది, ఎంత వచ్చింది, దేనికి ఎంత పోయింది, చివర ఎంత మిగిలింది, బ్యాంకు చూపించే అంకెతో అది కలిసిందా. ఏడాదికొకసారి సంఘంతో సంబంధం లేని ఆడిటరు చూడాలి. మూడు నెలల ఖర్చుకు సరిపడా సొమ్ము పక్కన పెట్టే అలవాటు చేసుకుంటే గడ్డు కాలంలో ప్రసంగ వేదిక మీద నుంచి డబ్బు కోసం బతిమాలే అవస్థ తప్పుతుంది. కాపరి జీతం నిర్ణయించేటప్పుడు కాపరి, ఆయన బంధువులు గదిలో ఉండకూడదు. 1948లో అమెరికాలోని మోడెస్టోలో బిల్లీ గ్రాహం, ఆయన తోటి సువార్తికులు కూర్చుని సువార్తికుల పేరు చెడగొట్టే విషయాలు నాలుగు గుర్తించి, వాటికి దూరంగా ఉంటామని తీర్మానించుకున్నారు. డబ్బు వాడకం, లైంగిక అపవిత్రత, స్థానిక సంఘాలను విమర్శించడం, వచ్చిన జనాన్ని ఎక్కువ చేసి చెప్పడం. కొద్దికాలానికే గ్రాహం, కూటాల్లో ప్రసంగికుడి కోసం ఎత్తే ప్రేమ కానుకలు తీసుకోవడం మాని, తన సంస్థ బోర్డు నిర్ణయించిన జీతానికి మారారు. అప్పటికే పేరున్న మనిషి తనకు తానే పెట్టుకున్న కట్టడి అది.

మీటింగు రెండు గంటలు దాటనివ్వకండి

అజెండా మూడు రోజుల ముందే అందరికీ చేరాలి, డబ్బుకు సంబంధించిన కాగితాలతో సహా. అక్కడికక్కడ చూపించి చేతులెత్తించే పద్ధతిలో వచ్చిన ఒప్పుదల ఇంటికి వెళ్లేదాకా కూడా నిలవదు. కష్టమైన విషయాన్ని మొదటి అరగంటలో పెట్టండి, అప్పటికి ఎవరూ అలిసిపోయి ఉండరు.

మాట్లాడే వరస ముఖ్యం. 6వ శతాబ్దంలో బెనెడిక్టు అనే క్రైస్తవ సన్యాసి తన మఠానికి రాసిన నియమావళిలో, ముఖ్యమైన విషయం వచ్చినప్పుడు మఠాధిపతి సహోదరులందరినీ పిలిచి ఆలోచన అడగాలని, మేలైన సంగతిని ప్రభువు తరచుగా చిన్నవాడికే తెలియజేస్తాడని ఉంది. కాపరి ముందు మాట్లాడితే మిగిలినవారు తల ఊపుతారు. అందుకని వయసులో చిన్నవారిని మొదట, కాపరిని చివర మాట్లాడనివ్వండి. తన ఇంటి మనిషికో, తన వ్యాపారానికో సంబంధించిన విషయం వచ్చినప్పుడు ఆ పెద్ద లేచి బయటికి వెళ్లాలి. ఆయన బయటికి వెళ్లినట్టు మినిట్స్‌లో రాయాలి.

ముగించే ముందు కార్యదర్శి నిర్ణయాలు పైకి చదవాలి: ఏమి చేయాలి, ఎవరు చేయాలి, ఏ తేదీలోపు. పేరూ తేదీ లేని నిర్ణయాన్ని రాయనివ్వకండి. గదిలో గట్టిగా వాదించుకోవచ్చు. బయటికొచ్చాక "నేనైతే వద్దనే చెప్పాను, వాళ్లు వినలేదు" అని ఏ పెద్దా అనకూడదు. ఈ ఒక్క మాట పెద్దలందరి దగ్గరా ముందే తీసుకోండి.

"అందరూ అనుకుంటున్నారండీ"

ఈ మాట మీ దగ్గరికి తప్పకుండా వస్తుంది. ఒక పెద్దాయన ఆరాధన తర్వాత మిమ్మల్ని పక్కకు పిలుస్తారు.

"అయ్యగారూ, నా మాటగా కాదండీ, సంఘంలో అందరూ అనుకుంటున్నారు. కొత్త టైము ఎవరికీ నచ్చలేదు."

"అలాగా అండీ. ఎవరెవరు అన్నారో చెప్పండి, నేనే వెళ్లి వారితో మాట్లాడతాను."

"పేర్లెందుకు లెండి అయ్యగారూ..."

"పేరు లేకపోతే నేను ఎవరి బాధ తీర్చాలండీ? పోనీ, మీకెలా ఉంది? మీ ఇబ్బంది ఏమిటో చెప్పండి, రాసుకుంటాను."

చాలాసార్లు ఆ "అందరూ" ఆయనా, ఆయన ఇంట్లో మరొకరూ అయి ఉంటారు. ఆయన బాధ నిజమైనదే కావచ్చు, పొద్దున్నే బయలుదేరడం కష్టమవుతూ ఉండొచ్చు. దాన్ని ఆయన బాధగానే వినండి, తీర్చగలిగితే తీర్చండి. పేరు లేని ఫిర్యాదు మీద మాత్రం ఏ నిర్ణయమూ తీసుకోకండి, వేదిక మీద నుంచి దానికి జవాబూ చెప్పకండి. ప్రసంగంలో పేరెత్తకుండా ఒకరిని ఉద్దేశించి మాట్లాడితే, ఆయనొక్కడు తప్ప మిగిలినవాళ్లంతా తమనే అన్నారనుకుని నొచ్చుకుంటారు.

ఇద్దరి మధ్య తగాదా అయితే మత్తయి 18:15 నుంచి 17 వరకు ఉన్న వరస పాటించండి. ముందు ఇద్దరే, వినకపోతే ఒకరిద్దరిని వెంటబెట్టుకుని, అప్పటికీ వినకపోతే సంఘానికి. మీ దగ్గరికి వచ్చినవారిని "ఆయనతో మాట్లాడారా" అని మొదట అడగండి. మాట్లాడకపోతే పంపించండి, కావాలంటే వెంట వెళ్లండి. వాట్సాప్ గ్రూపులో ఎవరి మీదా ఫిర్యాదు పెట్టకూడదని, ఎవరి జబ్బు వివరాలూ వారి అనుమతి లేకుండా పెట్టకూడదని రాతలో పెట్టండి.

ఒక్క చోట మాత్రం ఈ వరస వర్తించదు. కొట్టారని, లైంగికంగా వేధించారని, డబ్బు కాజేశారని ఎవరైనా చెబితే, బాధపడినవారిని ఆ మనిషి దగ్గరికి ఒంటరిగా పంపడం క్రూరత్వం. అది నేరం. అక్కడ పోలీసులు, చట్టం ఉన్నాయి. రాజీ కుదర్చడానికి, క్షమించమని ఒత్తిడి చేయడానికి మీరు పూనుకోకూడదు. ఆరోపణ పెద్ద మీదైతే ఆయన విచారణ తేలేదాకా బాధ్యతలన్నిటి నుంచి పక్కకు తప్పుకోవాలి, విచారించేవారు సంఘం బయటివారై ఉండాలి. 1 తిమోతి 5:19లో పెద్ద మీద నేరారోపణకు ఇద్దరు ముగ్గురు సాక్షులు కావాలని ఉందంటూ ఫిర్యాదును తలుపు దగ్గరే ఆపేసేవారున్నారు. ఆ వెంటనే 20వ వచనంలో, పాపం చేస్తున్నవారిని అందరి ఎదుట గద్దించమని ఉంది. ఆ భాగం అబద్ధపు నింద నుంచి కాపాడేందుకు ఉంది, నిజాన్ని పూడ్చేందుకు లేదు.

కలిసి పనిచేయలేక విడిపోవడం కూడా జరుగుతుంది. మార్కును వెంట తీసుకెళ్లాలా వద్దా అన్న దగ్గర పౌలు, బర్నబా వేరుపడి చెరో దారిన వెళ్లారు. ఏళ్ల తర్వాత అదే మార్కును తీసుకురమ్మని, తన పరిచర్యకు అతడు పనికొస్తాడని పౌలు తిమోతికి రాశాడు. వెళ్లిపోయేవారిని వేదిక మీద తిట్టి పంపిస్తే ఆ తలుపు మళ్లీ తెరుచుకోదు.

పిల్లల దగ్గర

ఒక పెద్దమనిషి ఒక పిల్లతోనో పిల్లాడితోనో మూసిన గదిలో ఒంటరిగా ఉండకూడదు. కాపరికీ ఇదే నియమం, ఎంత పాత విశ్వాసికైనా ఇదే నియమం. తరగతికి ఇద్దరు పెద్దవాళ్లు, ఇద్దరూ ఒకే కుటుంబం కాకుండా. తలుపు తెరిచి ఉండాలి, లేకపోతే తలుపుకి అద్దం ఉండాలి. సంఘంలో చేరి కనీసం ఆరు నెలలైనా కానివారికి పిల్లల పని ఇవ్వకండి. వారు ఇదివరకు ఉన్న సంఘానికి ఫోన్ చేసి అడగండి. పిల్లలను తీసుకెళ్లేది ఎవరో తల్లిదండ్రులు ముందే రాసివ్వాలి. ఒక బిడ్డ ఏదైనా చెబితే, ప్రశ్నలు గుప్పించకుండా వినండి, విన్నది విన్నట్టు రాయండి, అదే రోజు మీ దేశంలో చట్టం చెప్పిన అధికారులకు తెలియజేయండి. ముందు కమిటీలో చర్చిద్దామని ఆపకండి.

మీ సంగతి

వారంలో ఒక రోజు ఫోను ఇంకొకరికి అప్పగించండి. ఆ రోజు ఎవరైనా చనిపోతే ఆ మనిషి మిమ్మల్ని పిలుస్తాడు, మైకు పాడైతే పిలవడు. నెలకొక ఆదివారం వేరొకరి చేత వాక్యం చెప్పించండి, మీరు కింద కూర్చుని వినండి. మీ సంఘంలో సభ్యుడు కాని స్నేహితుడు ఒకడుండాలి, మీ మొహం చూసి నిజం చెప్పగలవాడు. అంతియొకయలో పేతురు తప్పుగా నడిచినప్పుడు పౌలు ఆయన ముఖం మీదే చెప్పాడు. మీకు అలా చెప్పగలవారు ఎవరూ లేరంటే, ఆ లోటు వెంటనే తీర్చుకోవాల్సినది. మీ భార్య గాని భర్త గాని సంఘానికి జీతం లేని రెండో ఉద్యోగి కాదని పెద్దలకు మొదట్లోనే స్పష్టంగా చెప్పండి.

అప్పగించడం ఇప్పుడే మొదలుపెట్టండి

తన తర్వాత ఎవరన్న ప్రశ్నను మోషే చివరి రోజుకి వదలలేదు. సంఖ్యాకాండము 27వ అధ్యాయంలో యాజకుడైన ఎలియాజరు ఎదుట, సమాజమంతటి ఎదుట యెహోషువ మీద చేతులుంచాడు. మోషే తన ఘనతలో కొంత యెహోషువకు ఇవ్వాలని దేవుడు చెప్పాడు. అది మోషే బతికుండగానే, అందరూ చూస్తుండగా జరిగింది. మీరు ఎంచుకున్నవారిని కూడా అలాగే అందరి ముందు నిలబెట్టండి. బాప్తిస్మాలు ఇప్పించండి, సమాధి కార్యక్రమాలు నడిపించండి, కష్టమైన పరామర్శలకు వెంట తీసుకెళ్లండి. మీ బిడ్డే అర్హుడని మీకు అనిపిస్తే ఆ నిర్ణయం మీరు లేని గదిలో, బయటివారి సలహాతో పెద్దలు తీసుకోవాలి.

ఒక ఫైలు సిద్ధం చేసి ప్రతి జనవరిలో కొత్తది చేయండి. స్థలం కాగితాల నకళ్లు, అసలు ఎక్కడున్నాయో ఆ చిరునామా, బ్యాంకు వివరాలు, సభ్యుల రిజిస్టరు, నియమావళి, గత ఐదేళ్ల మినిట్స్, తీరని అప్పులు, చేసిన వాగ్దానాలు, మొదటి నెలలో రాసిన పనుల పట్టిక తాజా ప్రతి. రెండు ప్రతులు చేసి ఇద్దరు పెద్దల దగ్గర పెట్టండి. మీరు తప్పుకున్నాక కనీసం ఆరు నెలలు ఆ సంఘంలో వాక్యం చెప్పకండి, కమిటీ మీటింగుకి వెళ్లకండి. పాత సభ్యులు ఫోన్ చేసి కొత్త కాపరి గురించి చెప్పబోతే ప్రేమగా ఆపి, "ఆయనతో మాట్లాడారా" అని అడగండి.